సైకియాట్రీ రెసిడెన్సీకి వెళ్లబోతున్న మా అన్నయ్య కూతురికి

అమ్మా,

నీ ఉత్తరం అందింది. మెదడు గురించీ మందుల గురించీ ఎంత గట్టిగా నేర్చుకోవాలని ఉందో, రోగి ఎదురుగా కూర్చుని మాటతో వైద్యం (సైకోథెరపీ) చెయ్యడం కూడా అంతే గట్టిగా నేర్చుకోవాలని ఉందని రాశావు. అమెరికాలో నాలుగేళ్ల ఈ శిక్షణలో (రెసిడెన్సీలో) రెండూ నిజంగా నేర్పే ప్రోగ్రామ్‌ని ఎలా గుర్తుపట్టాలని అడిగావు. ఏళ్ల తరబడి రెసిడెంట్లకు సూపర్‌విజన్ చేస్తున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా ఒకటి. "మీ దగ్గర సైకోథెరపీ ఉందా?" అని ఎవర్నీ అడగకు. ఉందనే చెబుతారు, అది అబద్ధం కూడా కాదు. ధైర్యమిచ్చి నిలబెట్టే సపోర్టివ్, మనసు లోతుల్లోని సంఘర్షణల్ని వెతికే సైకోడైనమిక్, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), ఈ మూడింటిలోనూ రెసిడెంట్‌కి సామర్థ్యం రావాలని రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే సంస్థ ఏసీజీఎంఈ నియమం. కాబట్టి కాగితం మీద అన్ని ప్రోగ్రాముల్లోనూ సైకోథెరపీ ఉంటుంది. తేడా అంతా మూడో సంవత్సరం రెసిడెంట్ వారపు టైంటేబుల్‌లో కనబడుతుంది. ఇంటర్వ్యూ రోజున రెసిడెంట్లతో విడిగా మాట్లాడిస్తారు కదా, అప్పుడు ఒక్కరినైనా సోమవారం నుంచి శుక్రవారం దాకా తమ వారం ఎలా గడుస్తుందో గంట గంటకీ చెప్పమను. అందులో థెరపీ రోగులు ఎంతమంది? ఒక్కొక్కరికి పూర్తి గంట దొరుకుతుందా? క్లినిక్‌లో కొత్త కేసులు ఎక్కువైతే ముందుగా కోత పడేది ఆ గంటకేనా? ఇలాంటివి అడుగుతున్నప్పుడు నవ్వి మాట దాటేస్తే, అది కూడా జవాబే.

ఒకే రోగిని ఎంతకాలం చూడనిస్తారో కూడా కనుక్కో. కొన్నిచోట్ల థెరపీ కేసులు మూడో ఏడాదిలో మొదలై జూన్‌తో ముగిసిపోతాయి. కొన్నిచోట్ల రెండో ఏడాదిలోనే ఒకరిద్దరిని ఇచ్చి నాలుగో ఏడాది చివరిదాకా కొనసాగించనిస్తారు. ఈ రెండూ ఒకటి కావు. మొదటి నెలల్లో రోగి మర్యాదగానే ఉంటాడు. నీ మీద కోపం రావడం, అపాయింట్‌మెంట్లు ఎగ్గొట్టడం, నువ్వు సెలవు మీద వెళ్తే అలగడం, చివరికి విడిపోవాల్సి వచ్చినప్పుడు మళ్లీ పాత లక్షణాలు తలెత్తడం, ఇవన్నీ కాలం గడిస్తేనే జరుగుతాయి. థెరపీలో నేర్చుకోవలసింది చాలావరకు అక్కడే ఉంది.

ఇక సూపర్‌విజన్. వారానికి కనీసం రెండు గంటలు, అందులో ఒక గంట ఒక్కరికే విడిగా, అని నియమం ఉంది. అది కనీసం మాత్రమే. మంచి ప్రోగ్రాముల్లో థెరపీకి వేరే సూపర్‌వైజర్లు ఉంటారు, సీబీటీకి ఒకరు, సైకోడైనమిక్‌కి ఇంకొకరు. నీ సెషన్ వీడియో వాళ్లు చూస్తారా, లేక నువ్వు గుర్తుపెట్టుకుని చెప్పింది వింటారా అన్నది తప్పకుండా అడుగు. మనం గుర్తుపెట్టుకునే సెషన్ వేరు, గదిలో జరిగిన సెషన్ వేరు. వీడియోలో తన గొంతు తాను వినడం మొదట్లో రెసిడెంట్లకు చాలా టెన్షన్‌గా ఉంటుంది, కానీ అంత త్వరగా నేర్పే పద్ధతి ఇంకొకటి నేను చూడలేదు. బోస్టన్, న్యూయార్క్, షికాగో లాంటి నగరాల్లో సైకోఎనలిటిక్ (ఫ్రాయిడ్ మొదలుపెట్టిన పద్ధతి నేర్పే) ఇన్‌స్టిట్యూట్లు ఉండడం వల్ల బయట ప్రాక్టీస్ చేసే అనుభవజ్ఞులు స్వచ్ఛందంగా వచ్చి సూపర్‌వైజ్ చేస్తుంటారు. చిన్న ఊళ్లలో అలాంటివాళ్లు తక్కువే. అయినా ఒక్క పట్టుదల గల ఫ్యాకల్టీ ఉన్నా పరిస్థితి మారిపోతుంది.

బయోలాజికల్ వైపు కూడా ఇంతే కఠినంగా పరీక్షించు. అందరూ ఎస్ఎస్ఆర్ఐలు (డిప్రెషన్‌కి మామూలుగా ఇచ్చే మందులు) రాస్తారు, దానికి నాలుగేళ్లు అక్కర్లేదు. క్లోజపిన్ (వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకి ఇచ్చేది) నువ్వే మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ, మలబద్ధకం దగ్గర్నుంచి మయోకార్డైటిస్ (గుండె కండరం వాపు) దాకా కనిపెట్టుకుంటూ నెలల తరబడి నడిపే అవకాశం ఉందా? లిథియం (బైపోలార్ జబ్బుకి ఇచ్చే మందు) మీద ఉన్నవాళ్లు క్లినిక్‌లో ఎంతమంది? ఈసీటీ (మత్తు ఇచ్చి మెదడుకి కరెంట్ పెట్టే వైద్యం) గదిలో నువ్వు చూస్తూ నిలబడతావా, చేస్తావా? డిప్రెషన్‌కి టీఎంఎస్‌ను (అయస్కాంత శక్తితో మెదడుని ప్రేరేపించే వైద్యం) అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో, ఎస్‌కెటమిన్ అనే మందును 2019లో అనుమతించింది. అవి ఆస్పత్రిలో ఉండటం వేరు, రెసిడెంట్ చేతికి రావటం వేరు. కన్సల్ట్ సర్వీస్‌లో (ఇతర వార్డుల రోగుల్ని చూసే చోట) కెటటోనియా (కదలిక, మాట ఆగిపోయే స్థితి), డెలీరియం (శరీర జబ్బుతో ఒక్కసారిగా వచ్చే అయోమయం) కేసులు తగినన్ని రావాలి. రోగి కదలక మెదలక పడుకుని ఉంటే లొరాజెపామ్ (కెటటోనియాకి వాడే మందు) ఇచ్చి చూడాలని తట్టే కన్ను పుస్తకంతో రాదు. అనవసరమైన మందుల్ని ఒక్కొక్కటిగా ఆపడం ఎవరు నేర్పుతారో కూడా అడుగు. ఈ మాట అడిగే విద్యార్థులు అరుదు, నాకు మాత్రం చాలా ముఖ్యం.

ఇంత చెప్పినా అసలు సంగతి ఇంకా మిగిలే ఉంది. సైకోథెరపీ ఒక భవనంలో, మందులు ఇంకో భవనంలో, రెండూ అద్భుతంగా నేర్పే ప్రోగ్రాములు ఉన్నాయి. అక్కణ్ణుంచి వచ్చిన డాక్టర్‌లో రెండు సగాలు పక్కపక్కన ఉంటాయి కానీ కలవవు. రెండిటినీ ఒకే రోగి మీద, ఒకే డాక్టర్‌గా, ఒకే గంటలో వాడటం నేర్పే చోటే నీకు కావాలి.

అది లేకపోతే ఏమవుతుందో చెప్పే కేసు ఒకటుంది. రఫాయెల్ ఓషెరాఫ్ అనే కిడ్నీ డాక్టర్ 1979లో తీవ్రమైన డిప్రెషన్‌తో మేరీల్యాండ్‌లోని చెస్ట్‌నట్ లాడ్జ్ అనే మానసిక ఆస్పత్రిలో చేరాడు. ఏడు నెలలు సైకోఎనలిటిక్ థెరపీ మాత్రమే చేశారు, యాంటీడిప్రెసెంట్ ఇవ్వలేదు. అతని పరిస్థితి దిగజారుతూ పోయింది. కుటుంబం కనెక్టికట్‌లోని సిల్వర్ హిల్ ఆస్పత్రికి మార్చాక, మందులతో కొన్ని నెలల్లోనే కోలుకున్నాడు. 1982లో దావా వేశాడు, 1987లో రాజీ కుదిరింది. తర్వాత గాలి ఎదురు దిక్కుకి తిరిగింది. సైకియాట్రిస్టుల దగ్గర జరిగే విజిట్లలో సైకోథెరపీ ఉన్నవి 1996-97లో 44 శాతం ఉంటే, 2004-05 నాటికి 29 శాతానికి పడిపోయాయని మొజ్తబాయి, ఆల్ఫ్‌సన్ 2008లో ప్రచురించారు. అప్పుడు మందు అందనివాడు నష్టపోయాడు, ఇప్పుడు మాట అందనివాడు నష్టపోతున్నాడు.

అందుకని ఫ్యాకల్టీలో ఎవరు దొరికినా ఈ ప్రశ్న వెయ్యి: "రోగి మందు మానేశాడని రెసిడెంట్ వచ్చి చెబితే, మీరు మొదట ఏమి అడుగుతారు?" సైడ్ ఎఫెక్టులూ డోసూ మాత్రమే మాట్లాడితే ఒక సగం తెలిసింది. ఆ మందుకి అతని మనసులో ఏ అర్థం ఉందో మాత్రమే మాట్లాడితే ఇంకో సగం. రెండూ సహజంగా, తడుముకోకుండా మాట్లాడే మనిషి దొరికితే ఆ పేరు రాసి పెట్టుకో. ఇంకొకటి, 2013 నుంచి మందుల విజిట్‌తో పాటు సైకోథెరపీని కలిపి బిల్ చేసే కోడ్లు ఉన్నాయి. క్లినిక్‌లో ఫ్యాకల్టీ వాటిని మామూలుగా వాడుతున్నారా అని రెసిడెంట్లను అడుగు. రెసిడెంట్ నేర్చుకునేది పెద్దలు రోజూ చేసే పనినే.

పాత పేరుప్రతిష్ఠల్ని మరీ పట్టుకోకు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ అంటే 1972 నాటి డయాగ్నస్టిక్ క్రైటీరియా (జబ్బుల్ని నిర్ధారించే ప్రమాణాలు), పెన్సిల్వేనియా యూనివర్సిటీ అంటే ఆరన్ బెక్, కాగ్నిటివ్ థెరపీ గుర్తొస్తాయి. చరిత్రగా అవి తెలుసుకోదగ్గవే. కానీ ఇద్దరు మంచి టీచర్లు వెళ్లిపోతే నాలుగేళ్లలో ప్రోగ్రామ్ స్వభావం మారిపోతుంది. ఈ మధ్య ఎవరు వచ్చారు, ఎవరు వెళ్తున్నారు అన్నది అంతకంటే ఎక్కువ చెబుతుంది. కాల్ షెడ్యూల్ (రాత్రి డ్యూటీల పట్టిక) కూడా చూడు. నిద్రలేని మనిషి ఇంకొకరి బాధ వినలేదు.

ర్యాంక్ లిస్ట్ (నీకు కావలసిన ప్రోగ్రాముల వరుస) విషయంలో లెక్కలు వెయ్యకు. ఎవరు తీసుకుంటారో ఊహించి పైన పెట్టడం నీకే నష్టం. మ్యాచ్ అల్గారిథమ్ (అభ్యర్థుల్నీ ప్రోగ్రాముల్నీ జతచేసే లెక్క) అభ్యర్థి ఇష్టం వైపునుంచి నడుస్తుంది, కాబట్టి నిజంగా కావలసింది పైన పెడితే కిందివాటిలో నీ అవకాశం ఏమీ తగ్గదు. ప్రతి ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రమే మూడో ఏడాది టైంటేబుల్, సూపర్‌వైజర్లు, ఆ మందు ప్రశ్నకి వచ్చిన జవాబు, ఈ మూడూ రాసిపెట్టుకో. వారం తర్వాత అన్నీ కలగాపులగం అయిపోతాయి. లిస్ట్ సర్టిఫై చేసే ముందు ఆ కాగితాలు తీసుకుని నాకు ఫోన్ చెయ్యి, కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ బాబాయి