ప్రజా నైతికత పేరుతో పాటల్ని, మాటల్ని చట్టం ఆపడం న్యాయమేనా?

న్యాయం కాదు. ఒక మనిషికి నష్టం జరిగితే చట్టం రావాలి. ఎవరికో వినడానికి ఇబ్బందిగా ఉందని రాకూడదు. పరకాల దగ్గర మా ఊళ్లో ఒక పెండ్లి తర్వాత జరిగింది చూశాక ఈ విషయంలో నాకు అనుమానమే లేదు.

మా వైపు పెండ్లిళ్లలో ఐరేని కుండలు తెచ్చేటప్పుడు, వియ్యాలవారు భోజనాలకు కూర్చున్నప్పుడు ఆడవాళ్లు ఎగతాళి పాటలు పాడతారు. పిల్లగాని తల్లి జాతరకు పోయి ఎవరితో తప్పిపోయింది, తండ్రి ఎవరింటి గోడ దూకాడు, అన్నీ వస్తాయి. పాడేవాళ్లు మా బాపమ్మ ఈడువాళ్లు, బతుకంతా బురదలో వంగి నాట్లేసినవాళ్లు. మామూలు రోజుల్లో మగవాళ్ల ముందు గట్టిగా మాట్లాడరు. మా చిన్నమ్మ కూతురి పెండ్లిలో బాపమ్మ పాట ఎత్తుకుంది. పాటలో తిట్లు తిన్న వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి, చివరికి తానే లేచి బాపమ్మ కంటే నాలుగాకులు ఎక్కువ చదివిన పాట ఒకటి తిరిగి పాడింది. పందిరంతా ఈలలు. అంత ఆనందంగా బాపమ్మను నేనెప్పుడూ చూడలేదు.

మా తమ్ముడు అది ఫోన్‌లో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. పెండ్లికి రాని, మాకు ఏ వరసా కాని ఒకాయన చూసి, సంస్కృతి పాడవుతోందని ఫిర్యాదు ఇచ్చాడు. ఠాణా నుంచి పిలుపు వచ్చింది. తమ్ముడికి టెన్షన్‌తో అన్నం సయించలేదు. తమ్ముడు, బాపమ్మల వెంట నేనూ వెళ్లాను. బహిరంగ స్థలంలో ఇతరులకు చికాకు కలిగేలా అశ్లీల పాట పాడితే భారతీయ న్యాయ సంహిత 296 కింద 3 నెలల దాకా జైలు అని, ఆన్‌లైన్‌లో పెట్టినవాడికి ఐటీ చట్టం 67 కింద మొదటిసారికే 3 ఏళ్ల దాకా అని చెప్పారు. బాపమ్మ అంతా విని, "ఎవలకు నొచ్చింది బిడ్డా? నొచ్చినోళ్లను పిలువుండ్రి, కాళ్లు మొక్కుత" అన్నది. ఎవరూ జవాబు చెప్పలేదు. వీడియో తీసేయించి, ఇంకెప్పుడూ పెట్టనని తమ్ముడితో కాగితం రాయించుకుని పంపేశారు. ఆ తర్వాత మా ఇండ్లల్లో ఏ పెండ్లికీ బాపమ్మ పాడలేదు. "నా మనుమడు జైలుకు పోతడు" అంటుంది.

అదే పెండ్లి బరాత్‌లో డీజే అర్ధరాత్రి దాటేదాకా మోగింది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగొద్దని 2000 నుంచే శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి. పక్కింట్లో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన దిండు చెవులకు ఒత్తుకుని పడుకున్నాడు. అక్కడ నిజంగా ఒక మనిషి బాధపడ్డాడు, దాని మీద మాత్రం ఎవరూ ఫిర్యాదు రాయలేదు. స్కూల్ వార్షికోత్సవాల్లో అయిదో తరగతి పిల్లలతో ఐటెం పాటలకు డ్యాన్స్ చేయిస్తారు, దానికీ ఎవరి సంస్కృతీ పాడవదు.

మాట స్వేచ్ఛకు హద్దులు పెట్టే రాజ్యాంగం 19(2)లో సభ్యత, నైతికత అనే మాటలు ఉన్నాయని కొందరు గుర్తు చేస్తారు. ఉన్నాయి. కానీ వాటిని కొలిచేది ఎవరు? ఏది అశ్లీలమో తేల్చడానికి 1964లో రంజిత్ ఉదేషి కేసులో సుప్రీంకోర్టు 1868 నాటి ఇంగ్లండ్ కొలమానం పట్టుకుంది. చెడిపోయే మనసున్నవాడి చేతిలో పడితే ఏమవుతుందని చూడడం ఆ పద్ధతి. 2014లో అవీక్ సర్కార్ కేసులో దాన్ని వదిలేసి, నేటి సమాజ ప్రమాణాలతో చూడాలన్నది. మంచిదే. అయితే మా పెండ్లిలో సమాజం అంటే పందిట్లో కూర్చుని నవ్విన ఊరా, ఫిర్యాదు రాసిన ఒక్కాయనా? ఠాణాలో మాత్రం ఆ ఒక్కాయనే సమాజం అయ్యాడు. ఎప్పుడూ ఇదే జరుగుతుంది. రాయడం వచ్చినవాడి నీతి, రాయడం రానివాళ్లకు శిక్ష.

మన తెలంగాణలోనే ఇంకో ఉదాహరణ ఉంది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. రిజిస్టర్‌లో పేరెక్కిన హిజ్రా ఆడ దుస్తుల్లో వీధిలో కనబడినా, నలుగురిలో ఆడినా వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు. చీర కట్టుకుంటే ఎవరికి ఏం నష్టం? నూరేళ్లు దాటాక, 2023లో గానీ తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేయలేదు.

అంటే నోటికొచ్చింది మాట్లాడొచ్చా అని అడుగుతారు. చంపుతానని బెదిరించడం, అమ్మాయికి తెలియకుండా వీడియో తీయడం, కులం పేరుతో తిట్టడం, వీటన్నింటిలో దెబ్బ తిన్న మనిషి ఉంటాడు. వాటికి వేరే సెక్షన్లు ఉన్నాయి, గట్టిగా వాడండి. 296లోంచి పాటను మాత్రం తీసేయాలి. అప్పటిదాకా ఇలాంటి ఫిర్యాదు తెచ్చినవాళ్లను ఠాణాలో ముందు రెండు ప్రశ్నలు అడగాలి: మీరు అక్కడ ఉన్నారా, మీకేం నష్టం జరిగింది?