షూ షాపా, షూస్ షాపా?

మీ ప్రశ్న ఇది: షాపులో ఒక్క షూ అమ్మరు కదా, మరి ఇంగ్లీషులో షూస్ షాప్ అనకుండా షూ షాప్ అని ఎందుకంటారు?

నేను నల్లగొండలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. గ్రామర్ పెద్దగా చదవలేదు, పనిలో దెబ్బ తిని నేర్చుకున్నదే. మొదట్లో ఒక వాటర్ ప్లాంట్ బోర్డు మీద 'ట్వంటీ లీటర్స్ వాటర్ క్యాన్స్' అని పెద్ద అక్షరాల్లో కొట్టాను. కట్టడం అయిపోయాక, ఇంటర్ చదివే ఓనర్ కూతురు "అంకుల్, లీటర్ పక్కన ఎస్ రాదు" అంది. మళ్లీ ప్రింట్ కొడితే ఖర్చని, నిచ్చెన వేసుకుని ఆ ఎస్ మీద నీలం స్టిక్కర్ అతికించి వచ్చాను. రెండు ఎండాకాలాలకు ఫ్లెక్సీ వెలిసిపోయింది, స్టిక్కర్ వెలవలేదు. రోడ్డు అవతల నిలబడి చూసినా నా తప్పు ముదురు నీలంలో కనపడేది.

మనం తెలుగులో అనుకుని ఇంగ్లీషులో రాస్తాం, చిక్కంతా అక్కడే. చెప్పుల దుకాణం, పుస్తకాల సంచి, గాజుల షాపు అని మనకు ముందు మాటలోనే బహువచనం వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ఆ ముందు మాట విశేషణం పని చేస్తుంది, విశేషణానికి అక్కడ బహువచనం లేదు. బిగ్ షాప్స్ అంటాం గానీ బిగ్స్ షాప్స్ అనం కదా, షూ షాప్స్ కూడా అట్లే. అసలు వస్తువు చివరి మాట. ఎన్ని ఉన్నా ఎస్ దానికే: ట్వంటీ లీటర్ క్యాన్స్. అదే క్యాన్ ఊసు లేకుండా నీళ్లే కొలిస్తే ట్వంటీ లీటర్స్ ఆఫ్ వాటర్ అని ఎస్ తిరిగొస్తుంది.

ఈ పద్ధతి మనకూ కొత్తేం కాదు. మా వైపు బత్తాయి తోట అంటాం, బత్తాయిల తోట అనం. అంతమాత్రాన తోటలో ఒక్క కాయే ఉందని ఎవరూ అనుకోరు. వరస మారితే అర్థం మారడం కూడా ఉంది: నీళ్ల క్యాన్ పగులుతుంది, క్యాన్ నీళ్లు తాగుతాం. ఇంగ్లీషులో మొదటిది వాటర్ క్యాన్, రెండోది క్యాన్ ఆఫ్ వాటర్.

ఊరి పేరు కూడా ఇట్లా ముందు చేరుతుంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటుంది, నాగపూర్‌లోని నీరి (పర్యావరణం మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ) తయారు చేసింది. దాని పేరు నల్లగొండ టెక్నిక్. నల్లగొండ తర్వాత అపాస్ట్రఫీ లేదు, ఎస్ లేదు. (మా ఊరి పేరు అంత దూరం పోయింది చెడ్డ నీళ్ల వల్ల. అది వేరే బాధ.)

ఎస్ తీయకూడని మాటలు కొన్ని ఉన్నాయి: స్పోర్ట్స్ డే, సేవింగ్స్ అకౌంట్, గూడ్స్ ట్రైన్. గూడ్స్‌లో ఎస్ పీకేస్తే మంచి రైలు అయి కూర్చుంటుంది. నన్ను ఇప్పటికీ ఆపేది బట్టల షాపు ఒక్కటే. క్లాత్ అంటే తానులో బట్ట, క్లోత్స్ అంటే వేసుకునే బట్టలు. అందుకే ఓనర్ ఏది అమ్ముతాడో అడిగి గానీ టైప్ చేయను.