పాత పెట్టెలో వింత రికార్డులు దొరికితే: తుడవకముందు, సూది పెట్టకముందు

మహారాణిపేటలో తాతగారి ట్రంకుపెట్టెలో బరువైన 78 ప్లేట్లు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులు), కాగితంలా వంగే పల్చటి రేకులు, చేత్తో రాసిన లేబులున్న రెండు నల్ల ప్లేట్లు దొరికాయని, స్పిరిట్‌తో తుడిచి వినొచ్చా అని ఒకరు అడిగారు. స్పిరిట్ మాత్రం వద్దు. ఏ ప్లేటు దేనితో చేశారో తేలేదాకా నీళ్ళూ వద్దు.

ముందు చేతిరాత లేబులున్నవి చూడండి. అంచున పూత లేచినచోట అల్యూమినియం మెరుస్తోందా? మధ్య రంధ్రం పక్కన ఇంకో చిన్న రంధ్రమేమైనా ఉందా? ఉంటే అది లాకర్ డిస్క్, అంటే అల్యూమినియం పళ్ళెం మీద మెత్తటి పూత వేసిన రికార్డు. ఫ్యాక్టరీలో అచ్చుకొట్టింది కాదు, రేడియో స్టేషన్లోనో స్టూడియోలోనో నేరుగా కోసింది. చాలాసార్లు దానికి రెండో ప్రతి ఉండదు. మీ పెట్టె మొత్తంలో విలువైనవి ఇవే అని నా నమ్మకం. పైన తెల్లటి పొడి కనిపిస్తే అందరూ బూజనుకుంటారు. పూత మెత్తగా ఉండాలని అప్పట్లో ఆముదం కలిపేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది విరిగి కొవ్వు ఆమ్లాలు పైకి తేలతాయి, ఆ పొడి అదే. దాంతో పూత కుంచించుకుపోతుంది, కింద అల్యూమినియం కదలదు, చివరికి పెచ్చులు ఊడతాయి. తుడవకండి, ప్లే చేయకండి. లేబుల్ ఫోటో తీసి, నిలువుగా నిలబెట్టి, ఇలాంటివి డిజిటైజ్ చేసిన అనుభవం ఉన్నవాళ్ళకే ఇవ్వండి.

78 ప్లేట్లు లక్కతో చేసినవి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, స్పిరిట్ వద్దన్నది అందుకే. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో (బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది) రెండు మూడు చుక్కల వాసన లేని డిష్‌వాష్ లిక్విడ్ కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తిప్పండి. లేబుల్ తడవకూడదు. వెంటనే మంచి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, బట్టతో అద్ది, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. ఎండలో పెడితే వంకర్లు పోతాయి. పగులున్న ప్లేటుకు నీళ్ళు అసలు తగలనీయొద్దు.

వినేటప్పుడు సూది మార్చాలి. ఎల్పీ (నిమిషానికి 33⅓ సార్లు తిరిగే రికార్డు) సూది మొన దాదాపు 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), 78 గాడికి 3 మిల్ కావాలి. సన్న సూది గాడి అడుగున దొర్లుతుంది, పాట కన్నా గరగరే ఎక్కువ వినిపిస్తుంది. సూది ప్లేటు మీద మోపే బరువు 3 నుంచి 5 గ్రాములు, కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే భాగం) తయారీదారు చెప్పిన హద్దులోనే. మీ టర్న్‌టేబుల్‌లో 78 స్పీడ్ లేకపోతే 45 మీద రికార్డు చేసి ఆడాసిటీ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో వేగం 73.3 శాతం పెంచండి. తాతగారి కీ గ్రామఫోన్ ఉంటే ప్రతి వైపుకూ కొత్త ఉక్కుసూది వేయాలి. ప్లేటులో కలిపిన రాతిపొడి సూదిని అరగదీస్తుంది, అరిగిన సూది అంచు గాడిని కోసేస్తుంది.

పల్చటి రేకులు ఫ్లెక్సీ డిస్కులు, అంటే వంగే ప్లాస్టిక్ రికార్డులు. పాడైన ఎల్పీ మీద పరిచి, లేబుల్ మీద రూపాయి బిళ్ళ పెడితే జారవు. ఎల్పీ సూదే చాలు. పెట్టెలో స్టాంపుల కవరేమైనా ఉంటే అదీ వెతకండి: భూటాన్ 1972లో టర్న్‌టేబుల్ మీద మోగే తపాలా బిళ్ళలు వేసింది, 33⅓ వేగం. వెనక జిగురుంటుంది కాబట్టి తడి తగలకూడదు. చిన్న సైజువి ఆటోమేటిక్ టర్న్‌టేబుల్ మీద మోగవు, మధ్యకు రాగానే సూది ఉన్న ఆర్మ్ దానంతటదే లేచిపోతుంది.

ఇక దాచడం. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది, మన విశాఖలో ఏడాదిలో ఎక్కువ నెలలు అంతకు పైనే. అందుకే మూత బిగిసే డబ్బాలో, చిన్న తేమ మీటరు, పావుకిలో సిలికా జెల్ (రంగు మారేది) వేసి పెట్టండి. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనికొస్తుంది. ప్లేట్లు పూర్తిగా ఆరకముందే మూత పెట్టారో, ఆ తేమ లోపలే ఉండిపోతుంది. బయటి గోడకు, కిటికీకి దూరంగా, నేల నుంచి అడుగు ఎత్తున ఉంచండి. 2014 హుద్‌హుద్ తుఫానులో కిటికీలు పగిలి వాన ఇళ్ళలోకి కొట్టిన ఊరు మనది. పాత కాగితం కవర్లు తీసి కొత్తవి వేయండి, కానీ పాతవి పారేయకండి. వాటి మీది దుకాణం ముద్ర ఆ ప్లేటు ఎక్కడ కొన్నదో చెబుతుంది.