ఇటలీలో గైడ్‌తో ఫుడ్, వైన్ టూర్ తీసుకోవచ్చా? మా అనుభవం

మే నెలలో బొలోన్యాలో మూడు రోజులుంటున్నాం, గైడ్‌తో ఫుడ్ అండ్ వైన్ టూర్‌కి డబ్బు పెట్టాలా, మేమే తిరిగి తింటే సరిపోతుందా అని ఒకరు అడిగారు. ఊళ్ళో తిరిగి తినడానికి గైడ్ అక్కర్లేదు. కానీ అక్కడిదాకా వెళ్ళి, ఆ తిండి తయారయ్యే చోటు చూడకుండా మాత్రం రావద్దు. చీజ్ చేసే చోట్లు చాలావరకు ఊరి బయట పొలాల మధ్య ఉంటాయి, ముందుగా చెప్పకుండా వెళ్తే లోపలికి రానివ్వరు. అందుకోసం టూర్ తీసుకోండి.

మేం ముగ్గురం వెళ్ళాం. నేను, మావారు, మా అత్తయ్యగారు. అంతకుముందు వేరే ఊళ్ళో ఒక టూర్ తీసుకుని చాలా బాధపడ్డాం. పాతికమందికి పైగా జనం, వెనకున్నవాళ్ళకి గైడ్ మాట వినపడదు, ఒక్కో దుకాణం ముందు నిలబెట్టి చేతిలో చిన్న ముక్క పెట్టి పదండి పదండి అనడమే. చివర్లో మాత్రం ఒక షాపులో అరగంట. అందుకే బొలోన్యా దగ్గర్లోని మోడెనా ఊరి టూర్ బుక్ చేసే ముందు మెయిల్ పెట్టి రెండే సంగతులు అడిగాను. వ్యాన్‌లో ఎంతమంది ఉంటారు? చీజ్ చేస్తుండగా చూపిస్తారా, గోడౌన్ చూపించి పంపేస్తారా? ఎనిమిది మంది, పొద్దున ఏడింటికల్లా బయల్దేరాలి అని జవాబొచ్చింది. ఆ ఏడింటి మాట చూశాకే నాకు నమ్మకం కుదిరింది. ఎందుకంటే పర్మిజానో రెజానో చీజ్ చేసే పని పొద్దుటిపూటే. మధ్యాహ్నం వెళ్తే కడిగి బోర్లించిన పాత్రలే కనిపిస్తాయి.

లోపలికి వెళ్ళేముందు తెల్లకోటు, టోపీ ఇచ్చారు. వేడి పాల వాసన. రాగి గంగాళాలు నేలలోకి దిగి వరసగా ఉన్నాయి. ముందురోజు సాయంత్రం పాలు రాత్రంతా ఉంచి, మీగడ తీసి, పొద్దున పిండిన పాలతో కలుపుతారట. విరిగిన పాలని పెద్ద తీగల బుట్టలాంటి దానితో చిన్న గింజలయ్యేలా చిదిపి వేడి చేస్తే, ఆ గింజలన్నీ అడుక్కి చేరి ఒకటే ముద్దవుతాయి. ఇద్దరు మనుషులు వంగి, చెక్క తెడ్డుతో ఆ ముద్దని పైకి లేపి కిందికి బట్ట దోపారు. బట్ట కొసలు కర్రకి చుట్టి పైకెత్తేసరికి తెల్లటి నీళ్ళు ధారగా కారాయి. కత్తితో ముద్దని సరిగ్గా రెండు చేశారు. ఒక్కో చీజ్ చక్రం తయారయ్యాక 40 కిలోల దాకా ఉంటుంది, దానికి సుమారు 550 లీటర్ల పాలు కావాలి. తర్వాత ఉప్పునీళ్ళలో నానబెట్టి, కనీసం 12 నెలలు అరల మీద ఉంచుతారు. అక్కడి పెద్దాయన చిన్న సుత్తితో చక్రాన్ని అక్కడక్కడా తడుతూ వినమన్నారు. లోపల పగులు ఉంటే చప్పుడు మారిపోతుందట. అత్తయ్యగారు చెవి ఆనించి మరీ విన్నారు.

మీలో వెజిటేరియన్లు ఉంటే ఇది ముఖ్యం. ఈ చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో. నిబంధన ప్రకారం వేరేది వాడకూడదు. అలాగే అక్కడ పూరీలా పొంగే నొక్కో ఫ్రిట్టో అనే రొట్టెని సంప్రదాయంగా పంది కొవ్వులో వేయిస్తారు. మేం ముందే రాసి పంపాం కాబట్టి గైడ్ ఇవన్నీ వ్యాన్‌లోనే విడమరిచి చెప్పి, అత్తయ్యగారికి వేరే ఏర్పాటు చేయించింది. 'వెజిటేరియన్' అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఏం తినరో ఒక్కొక్కటీ విడిగా రాయండి.

అత్తయ్యగారికి బాగా నచ్చింది బాల్సమిక్ వెనిగర్ చేసే ఇల్లు. పీపాలన్నీ అటక మీదే. ఎండాకాలం వేడి, చలికాలం చలి రెండూ దానికి కావాలట. ఉడికించిన ద్రాక్షరసాన్ని పెద్ద పీపా నుంచి చిన్న పీపాకి ఏటా కొంచెం కొంచెంగా దింపుతూ కనీసం 12 ఏళ్ళు మాగబెడతారు. ఇంకా పాతదైతే 25 ఏళ్ళు. చెంచాలో రెండు చుక్కలు వేశారు, నల్లగా పాకంలా జారింది. ముందు తీపి, ఆ వెనకే పులుపు, చాలాసేపు నాలుక మీదే ఉండిపోయింది.

వైన్ గురించి పెద్దగా చెప్పను. అక్కడిది లాంబ్రుస్కో, ఎర్రగా ఉండి నురగొస్తుంది, చల్లగా ఇస్తారు. పోసిందంతా తాగక్కర్లేదు, రుచి చూసి పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తే ఎవరూ తప్పనుకోరు. అద్దె కారులో వెళ్దామనే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. ఇటలీలో లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపకూడదు. స్టీరింగ్ వేరేవాళ్ళ చేతిలో ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

ఇంకో మాట, టూర్ మొదటి రోజే పెట్టుకోండి, చివరి రోజుకి ఉంచకండి. మర్నాడు బొలోన్యాలో క్వాడ్రిలాతెరో అనే పాత బజారు సందుల్లో షాపింగ్ చేస్తుంటే మావారు ఒక పెద్ద బాల్సమిక్ సీసా బుట్టలో వేశారు. అత్తయ్యగారు దాన్ని తీసి, లేబుల్ మీద వేలితో 'ట్రడిజియొనాలె' (సంప్రదాయ పద్ధతిది) అనే మాట కోసం వెతికారు. ముందురోజు అటక మీద చూసినలాంటి వెనిగర్‌కే ఆ మాట ఉంటుంది. అది లేదు. పదార్థాల్లో వైన్ వెనిగర్ ఉంది. సీసా మళ్ళీ అరలో పెట్టి, ఆ అసలు రకం వచ్చే 100 మిల్లీలీటర్ల గుండ్రటి చిన్న సీసా చూపించమని షాపతన్ని సైగలతో అడిగారు.