బ్యాంకు సంచిలో వెండి దొరకదు, హుండీలో వెతకండి

"అమెరికాలో బ్యాంకు నుంచి చిల్లర తెచ్చుకుని వెండి నాణేలు ఏరుకుంటున్న వీడియోలు చూశాను. మన బ్యాంకులో చిల్లర సంచి తీసుకుని వెతికితే ఏమైనా దొరుకుతుందా?" అని అడిగారు.

దొరకదు. అక్కడ 1964 దాకా కొట్టిన డైములు (పది సెంట్ల బిళ్లలు), క్వార్టర్లు (పాతిక సెంట్లవి), అర డాలర్లలో 90 శాతం వెండి ఉండేది. కెనెడీ బొమ్మ ఉన్న అర డాలరులో 1970 వరకూ 40 శాతం ఉంది. వాటిని ఎవరూ రద్దు చేయలేదు కాబట్టి ఎవరి తాతగారి డబ్బాలోంచో ఇప్పటికీ బ్యాంకుకు చేరుతుంటాయి. మన దగ్గర స్వాతంత్ర్యం వచ్చాక రోజువారీ ఖర్చుకు వెండి నాణెం కొట్టిందే లేదు. 1969లో గాంధీగారి బొమ్మతో వచ్చిన పది రూపాయల బిళ్లలో 80 శాతం వెండి ఉన్న మాట నిజమే, కానీ దాన్ని కూరలకు ఖర్చు పెట్టే అమాయకుడు ఎవరు? బ్రిటిష్ రూపాయిలో వెండి 1940లో సగానికి పడిపోయింది, 1945 తర్వాత పూర్తిగా పోయి నికెల్ వచ్చింది. 1947 నాటి పులిబొమ్మ రూపాయిని వెండి అనుకుని బీరువాల్లో దాచుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అయస్కాంతం పెట్టి చూడండి, టక్కున అతుక్కుంటుంది. వెండి అతుక్కోదు.

మరి ఎక్కడ వెతకాలి? హుండీలో. అదీ కొండ కింద పల్లెల్లో ఉండే చిన్న అమ్మవారి గుళ్ల హుండీలో.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మాకు కిరాణా కొట్టు ఉంది. చిల్లర కోసం మా అమ్మ పుట్టింటివాళ్ల ఊళ్లో జాతర అయ్యాక హుండీ విప్పినప్పుడు వెళ్లి, నోట్లిచ్చి బిళ్లలు తెచ్చుకుంటాం. గుడి లెక్కలు మా మావయ్యే చూస్తాడు.

ఒక జాతరకి టార్పాలిన్ మీద హుండీ బోర్లించారు. పసుపు, కుంకుమ, దీపం నూనె కలిసి బిళ్లలన్నీ జిడ్డు కట్టి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నేను పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి కుప్పలో తిప్పాను. స్టీలు రూపాయలు, రెండ్రూపాయలు దానికే వచ్చేస్తాయి. మిగిలినవాటిని చూసుకుంటే చాలు. పాత మందపాటి ఐదు రూపాయలు (తొమ్మిది గ్రాములు తూగుతాయి, ఇప్పటివి ఏడు కూడా తూగవు), పసుపు రంగు ఐదులు, అల్యూమినియం పైసలు. వాటి మధ్య విక్టోరియా రాణి రూపాయి ఒకటి కనిపించింది. పైన తాడు ఎక్కించే కాడ అతికించి ఉంది. కొండల్లో ఉండే సవర తెగ ముసలమ్మ ఎవరో మెడలో దండలోంచి తీసి మొక్కు చెల్లించుకుని ఉంటుంది. మన దేశంలో పాత వెండంతా ఆడవాళ్ల మెడల్లోనే ఉంది, బ్యాంకుల్లో కాదు. నా మాట నమ్మండి.

మావయ్య చూసి, "చెల్లని డబ్బురా అది, నువ్వే ఉంచుకో" అన్నాడు. అత్త ఊరుకోలేదు. "అమ్మవారి సొమ్ము ఊరికే ఎలా ఇస్తావు? తూకం వేయించి ఆ డబ్బు హుండీలో వేసి పట్టుకుపొమ్మను." సరేనని ముగ్గురం కంసాలి దగ్గరికి వెళ్లాం. ఆయన గీటురాయి మీద గీసి, "కాడకి అతుకు ఉంది, తరుగు పోతుంది, ముప్పావు వెండికి లెక్క కడతాను" అన్నాడు. విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు, పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి, అరిగినా ఇంత అన్యాయం ఉండదని నేను. మీ లెక్కలు పుస్తకాల్లో ఉంచుకోమని ఆయన. మా వాదన తెగేలోపు అత్త చెయ్యి చాచి రూపాయి తీసేసుకుంది. సాయంత్రానికి ఆ కాడకి పసుపుతాడు ఎక్కించి అమ్మవారి మెడలో వేసింది. నాకు మిగిలింది అదే కుప్పలో దొరికిన ఆరో జార్జి పావలా, 1944ది. సగం వెండి, మూడు గ్రాములు కూడా తూగదు. దాని డబ్బు మాత్రం అత్త అణా పైసలతో సహా వసూలు చేసింది.

అన్నట్టు, మా వైపు హుండీల్లో వెండికంటే గల్ఫ్ బిళ్లలే ఎక్కువ. కాఫీ కూజా బొమ్మ ఉంటే అది దుబాయ్ దిర్హాం. రూపాయల్లో దాని విలువ మన పది రూపాయల బిళ్ల కంటే ఎక్కువే, కానీ మార్చేవాడు నోటైతే తీసుకుంటాడు, బిళ్ల తీసుకోడు.

ఇక వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయలకు లక్షలిస్తామనే వీడియోలు. ఆ బిళ్ల 2012లో మామూలుగా చలామణిలోకి వచ్చింది, నా గల్లాలో ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి. పాత నాణేలు కొంటామని తన పేరు వాడుకుని కమీషన్లు గుంజుతున్నారని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది. అయినా మా బంధువుల్లో ఒకాయన "రిజిస్ట్రేషన్ ఫీజు" కట్టి వచ్చాడు. చదువుకున్నవాడే.

ఇంత చిల్లర పిచ్చి ఉన్న జనం మామూలు పది రూపాయల బిళ్ల ఇస్తే మాత్రం తీసుకోరు! పది గీతలుంటే అసలుది, పదిహేనుంటే నకిలీ అంటారు. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. ఆ ప్రకటన ప్రింటు తీసి కొట్లో గోడకి అతికించాను. పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు అది చదివి, "అది మీ ఒడిశాలో బాబూ, మా దగ్గర చెల్లదు" అంటారు. బ్యాంకుకి పట్టుకెళ్తే అక్కడి క్యాషియరు లెక్కపెట్టడానికి మనిషి లేడంటాడు. మీ దగ్గర పది రూపాయల బిళ్లలు పేరుకుపోతే మా కొట్టుకి తెండి, సరుకులిస్తాను.