సర్పంచ్‌ను నేను, తెర మీద మా ఆయన

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లోని ఒక చిన్న గ్రామానికి సర్పంచ్‌ను. తాగునీరు, కాల్వ నీళ్ల సమస్యలపై ఇక్కడి కేబుల్ సంస్థ నడిపే లోకల్ ఛానెల్ ఇటీవల ఒక రాజకీయ చర్చ పెట్టింది. సర్పంచ్‌లను పిలుస్తున్నామని చెప్పి, నా బదులు మా ఆయనను కూర్చోబెట్టారు. తెర మీద ఆయన పేరు కింద ‘సర్పంచ్’ అని వేశారు. నేను ఇంటి నుంచి ఫోన్ కలిపి మాట్లాడబోతే, అక్కడున్న ఒక నాయకుడు ‘వంటింట్ల ఉండేదానికి కాల్వ లెక్కలేమెరుక’ అన్నాడు. యాంకర్ నవ్వి లైన్ కట్ చేశాడు. ఇది జరిగి 26 రోజులైంది. చర్చలకు మహిళలను తప్పనిసరిగా పిలవాలని ప్రభుత్వం ఛానెళ్లను ఆదేశించలేదా? నాకు చట్టంలో ఏదైనా దారి ఉందా?

జవాబు: సర్పంచ్ గారూ, ఆలస్యం చేయకూడని పని ఒకటి ముందు చెబుతాను. కేబుల్ పంపిణీ సంస్థలు నడుపుకునే ఇటువంటి సొంత ఛానెళ్లకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2022 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ప్రతి కార్యక్రమం రికార్డింగును ప్రసారమైన నాటి నుంచి 90 రోజుల పాటు భద్రపరచాలి. మీ లెక్కన ఇంకా 64 రోజులే మిగిలి ఉన్నాయి. ఆ తర్వాత రికార్డింగు లేదని వారు చెప్పినా తప్పుపట్టడానికి వీలుండదు. అందువల్ల ప్రసారమైన తేదీ, సమయం, కార్యక్రమం పేరు రాసి, ఫిర్యాదు తేలే వరకు దానిని చెరపవద్దని కోరుతూ ఛానెల్‌కు ఈ వారంలోనే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. అదే చర్చను వారు యూట్యూబులో కూడా పెట్టి ఉంటే వెంటనే దింపి దాచుకోండి. రేపు కోర్టులో దానిని చూపించాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి కాబట్టి, ఎవరి ఫోన్లో, ఏ రోజు దింపారో రాసి పెట్టుకోండి.

ఇక మీ ఉత్తరంలో మూడు వేర్వేరు బాధలు కలిసిపోయి ఉన్నాయి. మిమ్మల్ని పిలవకపోవడం ఒకటి, మీ పదవిని మరొకరిదిగా చూపడం రెండోది, మిమ్మల్ని కించపరచడం మూడోది. చట్టం ఈ మూడింటినీ ఒకే తీరుగా చూడదు.

పిలవకపోవడం గురించి మీకు నచ్చని మాటే చెప్పాల్సి వస్తోంది. చర్చలో ఇంతమంది మహిళలు ఉండాలని ప్రైవేటు ఛానెల్‌ను నిర్బంధించే చట్టం మన దేశంలో లేదు. సమానత్వానికి సంబంధించిన రాజ్యాంగ హక్కులను ప్రధానంగా ప్రభుత్వం మీద అడగగలం గాని, ప్రైవేటు ఛానెల్ రాజ్యాంగంలోని 12వ అధికరణ చెప్పే ‘రాజ్యం’ కిందికి రాదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో స్పష్టంగా చెప్పింది. అయితే ఆ తీర్పు ప్రసారాలపై ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని ప్రశ్నించింది తప్ప, ఎవరిని మాట్లాడించాలో ప్రభుత్వమే తేల్చాలని చెప్పలేదు. అలాంటి అధికారం ప్రభుత్వానికి ఇవ్వాలని మీరు కోరుకోవద్దని నా మనవి. ఈ రోజు మిమ్మల్ని పిలవమని ఆదేశించగలిగిన చెయ్యి, రేపు కాల్వ నీళ్ల గురించి మీరు నిలదీస్తే మిమ్మల్ని పిలవవద్దని కూడా ఆదేశించగలదు. 2023 ఏప్రిల్ 5న మీడియావన్ కేసులో, ప్రభుత్వ విధానాలను విమర్శించినంత మాత్రాన ఒక ఛానెల్‌కు అనుమతి నిరాకరించడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే ఈ భయం ఊహ కాదని అర్థం చేసుకోవచ్చు.

దూరదర్శన్, ఆకాశవాణి సంగతి మాత్రం వేరు. 1990 నాటి ప్రసార భారతి చట్టంలోని 12వ సెక్షన్, భిన్నాభిప్రాయాలను సమతూకంగా వినిపించడాన్నీ, మహిళల స్థితిగతులపై జాతిని చైతన్యపరచడాన్నీ ఆ సంస్థ బాధ్యతలుగా పేర్కొంది. హైదరాబాద్ కేంద్రం గత ఏడాది నడిపిన రాజకీయ చర్చల్లో ఎంతమంది మహిళలు పాల్గొన్నారో చెప్పమని 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ మండలంలోని మహిళా సర్పంచ్‌లందరూ తలా ఒక దరఖాస్తు పెట్టడం మంచి పని.

రెండో విషయం, నా దృష్టిలో మీ ఫిర్యాదుకు గట్టి ఆధారం. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం స్థానాల్లో సగం మహిళలవి. ఎన్నికైన మహిళ అధికారాన్ని భర్త వాడుకునే వీలు ఆ చట్టంలో ఎక్కడా లేదు. అందువల్ల ఆయన పేరు కింద ‘సర్పంచ్’ అని వేయడం పొరపాటైనా, అలవాటైనా, అబద్ధమే. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియమావళిలోని 6వ నియమాన్ని ప్రోగ్రామ్ కోడ్ అంటారు. అందులోని ‘డి’ ఖండం పరువు తీసే, ఉద్దేశపూర్వకంగా తప్పుదారి పట్టించే, అర్ధసత్యాలతో నిండిన ప్రసారాలను నిషేధిస్తుంది. వారికి నిజం తెలిసే అలా వేశారని చూపించగలిగితే ఈ ఖండం మీకు ఉపయోగపడుతుంది. చర్చకు పిలిచేటప్పుడు మీ ఆయనతో జరిపిన ఫోన్ సంభాషణ, వాట్సాప్ సందేశాలు అందుకే ముఖ్యం. తాను సర్పంచ్‌నని ఎక్కడా చెప్పలేదని ఆయన రాతపూర్వకంగా ఇస్తే ఛానెల్‌కు తప్పించుకునే దారి మూసుకుపోతుంది. 1952లోనే ఆరుట్ల కమలాదేవిని ఆలేరు నుంచి శాసనసభకు పంపిన, తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం పుట్టి పెరిగిన ఉమ్మడి నల్లగొండ జిల్లా ఇది. ఇక్కడ ఎన్నికైన స్త్రీ పేరును తెర మీద నుంచి తుడిచేయడం చిన్న విషయంగా నాకు తోచడం లేదు.

మూడోది అవమానం. ప్రోగ్రామ్ కోడ్‌లో మహిళలను కించపరచడం గురించి ఉన్న ‘కె’ ఖండం ప్రధానంగా స్త్రీ శరీరాన్ని అసభ్యంగా చూపడానికి సంబంధించినది కనుక దానిని పట్టుకుంటే ఫిర్యాదు బలహీనపడుతుంది. వ్యక్తులను దూషించడం, పరువు తీయడం కూడదనే ‘ఐ’ ఖండాన్ని ఆధారం చేసుకోండి. మహిళలను నాయకత్వ పాత్రలో సానుకూలంగా చూపే కార్యక్రమాలను ప్రసారం చేయడానికి కేబుల్ ఆపరేటర్ ప్రయత్నించాలని అదే 6వ నియమంలోని 2వ ఉపనియమం చెబుతుంది. ఈ వాక్యాన్ని చాలామంది లాయర్లు కూడా చదవరు. మీరు మాత్రం మీ ఫిర్యాదులో దానిని తప్పక ఉటంకించండి. భారతీయ న్యాయ సంహితలోని 79వ సెక్షన్ కింద పోలీసు కేసు పెట్టమని కొందరు మీకు సలహా ఇవ్వవచ్చు. స్త్రీ గౌరవాన్ని భంగపరిచే ఉద్దేశంతో మాటలనడానికి ఆ సెక్షన్ మూడేళ్ల వరకు సాధారణ జైలు శిక్ష చెబుతుంది. కానీ ‘వంటింట్ల ఉండేదానికి’ అన్న మాట ఎంత నొప్పించినా, కోర్టు దానిని ఆ కొలతకు సరితూగేదిగా భావించడం కష్టం. మీ నడవడికపై ఇంకేమైనా అని ఉంటే అప్పుడు సంగతి మారుతుంది. రికార్డింగు మొత్తం విన్న తర్వాతే నిర్ణయించుకోండి.

ఫిర్యాదు ఎవరికివ్వాలన్నది తేలికైన విషయం. శాటిలైట్ వార్తా ఛానెల్ అయితే 2021 నాటి సవరణ నియమాల ప్రకారం ముందు ఛానెల్‌కు, అది 15 రోజుల్లో తేల్చకపోతే స్వీయ నియంత్రణ సంస్థకు, చివరగా కేంద్రానికి వెళ్లాలి. మీది కేబుల్ వాళ్ల సొంత ఛానెల్ కాబట్టి, అధీకృత అధికారి అయిన జిల్లా కలెక్టర్‌కు గాని, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో మీ ఆర్డీవోకు గాని నేరుగా ఇవ్వవచ్చు. ప్రోగ్రామ్ కోడ్‌కు విరుద్ధమైన ప్రసారాన్ని ఆపే అధికారం 1995 కేబుల్ చట్టంలోని 19వ సెక్షన్ వారికి ఇస్తుంది. ఛానెల్‌ను మూయించమని మాత్రం అడగకండి. అదే కార్యక్రమంలో, అదే సమయంలో, జరిగిన తప్పును సవరిస్తూ ప్రకటన వేయించమని, మీ మాట వినిపించే అవకాశం ఇప్పించమని కోరండి. జవాబు చెప్పుకునే హక్కును ఎల్‌ఐసీ, మనుభాయ్ షా కేసులో సుప్రీంకోర్టు 1992లో గుర్తించింది గాని, అది ప్రభుత్వ రంగ సంస్థ పత్రిక గురించి కనుక, ఇక్కడ దానిని పట్టుబట్టడానికి కాక, నచ్చజెప్పడానికే వాడాలి.

కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పర్యవేక్షణ కమిటీ ఉండాలని, అందులో జిల్లాలోని ఒక మహిళా కళాశాల ప్రిన్సిపాల్ సభ్యురాలిగా ఉండాలని కేంద్రం లోగడే ఆదేశించింది. మీ ఫిర్యాదును ఆ కమిటీ ముందు పెట్టమని చివరి పేరాలో రాయండి. కమిటీ ఏర్పడకపోయి ఉంటే, మీ ఫిర్యాదు వల్లనైనా ఏర్పడుతుంది.

ఫిర్యాదు గ్రామ పంచాయతీ లెటర్‌హెడ్ మీద, మీ సంతకంతో, మీ ముద్రతో ఉండాలి. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి మీ ఆయన చేత పంపించకుండా మీరే వెళ్లి ఇచ్చి, రసీదు మీ పేరు మీదే తీసుకోండి.