ఇంటి సర్వర్‌కు డెస్క్‌టాప్ ఉబుంటు ఎందుకు?

ప్రశ్న: 4 జీబీ ర్యామ్, 500 జీబీ డిస్కున్న పాత కంప్యూటర్‌లో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 డెస్క్‌టాప్ మీద అపాచీ (వెబ్ సర్వర్), పీహెచ్‌పీ (ప్రోగ్రామింగ్ భాష), మరియాడీబీ (డేటాబేస్)లతో మా దుకాణం వెబ్‌సైట్ నడుస్తోంది. 24.04 సర్వర్‌కు ఎలా మారాలి?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ర్యామ్ మిగిలితే చాలనుకుంటే మారనక్కర్లేదు. డెస్క్‌టాప్, సర్వర్ రెండింటి ప్యాకేజీలూ ఒకే రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ నిల్వ) నుంచి వస్తాయి. బూట్ టార్గెట్‌ను (ఆన్ అయ్యాక ఏ స్థితికి చేరాలో చెప్పే సెట్టింగు) గ్రాఫికల్ నుంచి మల్టీ-యూజర్‌కు మారిస్తే డెస్క్‌టాప్ లోడ్ కాదు, ఆ ర్యామ్ మిగులుతుంది.

కొత్తగా వేయాలనుకుంటే ముందు బ్యాకప్. డేటాబేస్ నడుస్తుండగా దాని ఫోల్డర్‌ను కాపీ చేయకండి, ఫైళ్ల మధ్య పొంతన తప్పి మళ్లీ తెరుచుకోకపోవచ్చు. దాని బదులు డంప్ (డేటా అంతటినీ ఒక ఫైల్‌లోకి రాసిచ్చే కాపీ) తీయండి. సైటు ఫైళ్లు, అపాచీ సెట్టింగులు, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్లు, క్రాన్ పనులు (వేళకు వాటంతటవే నడిచేవి) కూడా వేరే డిస్కులోకి ఎక్కించండి.

ఇన్‌స్టాలర్‌లో చాలామంది చూడకుండా దాటేసేది ఎల్‌వీఎం (డిస్కును భాగాలుగా పంచే పద్ధతి). దాన్ని అలాగే వదిలేస్తే మీ 500 జీబీలో రూట్‌కు (సిస్టమ్, ఫైళ్లు ఉండే ప్రధాన భాగం) 100 జీబీయే ఇస్తుంది. అక్కడే సైజు పెంచుకోండి. వేరే కంప్యూటర్ నుంచి దీన్ని నడిపేందుకు వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కు టిక్ పెట్టడం మరవకండి. ఫైర్‌వాల్ ఆన్ చేసే ముందు ఎస్ఎస్‌హెచ్‌ను అనుమతించండి, లేకుంటే దూరం నుంచి లోపలికి రాలేరు.

స్థిర ఐపీని (మారని నెట్‌వర్క్ చిరునామా) ఇక నెట్‌ప్లాన్ అనే నెట్‌వర్క్ సెట్టింగుల ఫైల్‌లో రాయాలి. అందులో ట్యాబ్ కొడితే తప్పు చూపిస్తుంది, స్పేస్‌లే వాడాలి. పీహెచ్‌పీ 8.1 నుంచి 8.3కు మారుతుంది కాబట్టి పాత ప్లగిన్లను ముందే పరీక్షించండి.

కరెంటు పోయి వచ్చాక దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగు బయోస్‌లో ఉంటుంది. ఎండాకాలానికి ముందే పెట్టేయండి.